మన విన్నిట్సియాలో పనిచేసిన హెన్రిక్ యూజెవ్‌స్కీ అనే పోలిష్ ఉపమంత్రి గురించి, ఉక్రెయిన్‌లో చదివిన మన తెలుగు వాళ్ళకి బహిరంగ లేఖ

అన్నలకి, అక్కలకి, తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి,

నేను 2016 మెడిసిన్ బ్యాచ్, ఉక్రెయిన్‌లో విన్నిట్సియా. 2022 ఫిబ్రవరిలో ఫైనల్ ఇయర్‌లో ఉండగా మీ అందరిలాగే ఒక బ్యాగు భుజాన వేసుకుని బయటపడ్డదాన్ని, ఇప్పుడు ఖమ్మంలో డ్యూటీలు చేసుకుంటున్నా. మన పాత వాట్సాప్ గ్రూపుల్లో నేను పెద్దగా మాట్లాడను, బర్త్‌డే విషెస్ చెప్పి ఊరుకుంటా. కానీ పోయిన వారం ఒక మ్యాప్ ఫార్వర్డ్ వచ్చింది కదా, 1991కి ముందు ఉక్రెయిన్ అనే దేశమే లేదు, అదంతా లెనిన్ గీసిచ్చిన గీత అని, దాని కింద మనవాళ్ళే ఎంతమంది కరెక్ట్ కరెక్ట్ అని పెట్టారో చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2022 ఫిబ్రవరి 21న పుతిన్ టీవీలో కూర్చుని చెప్పింది కూడా ఇదే మాట, ఉక్రెయిన్‌ని తయారు చేసింది లెనిన్ అని. అది విన్న మూడో రోజుకి మనం హాస్టల్ బేస్‌మెంట్‌లో సైరన్లు వింటూ కూర్చున్నాం. ఆ మాటని మనమే, ఆ బేస్‌మెంట్‌లో కూర్చున్న మనమే, ఇప్పుడు పంచుకుంటున్నామా?

ఎవర్నీ తిట్టడానికి రాయట్లేదు. నాక్కూడా అక్కడ ఉన్న ఆరేళ్ళలో ఆ ఊరి గురించి తెలిసింది చాలా తక్కువ. అనాటమీ, ఫార్మకాలజీ, వీసా, ఇంటి నుంచి వచ్చే డబ్బులు, అంతే మన లోకం. ఒకే ఒక్కసారి ఒక తలుపు తెరుచుకుంది, అక్కణ్ణించే మొదలుపెడతా.

నాలుగో ఏడాది నేనూ మా రూమ్మేటూ హాస్టల్ వదిలి ఫ్లాట్‌కి మారాం. ఓనర్ ఆంటీ వాళ్ళాయనకి పాత నోట్లు, నాణేలు దాచుకునే పిచ్చి ఉండేదట, ఆయన పోయాక ఆ ఆల్బమ్ ఆంటీ దగ్గరుంది. ఒకరోజు అద్దె ఇవ్వడానికి వెళ్తే టీ పోసి ఆ ఆల్బమ్ ముందు పెట్టింది. మీ ఇండియా నోటు ఒకటి ఇస్తావా అని అడిగితే నేను వంద రూపాయల నోటు ఇచ్చి, వెనక వైపు భాషల వరసలో ఇదిగో ఇది నా భాష అని తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి చూపించా. ఆవిడ వెంటనే ఆల్బమ్‌లో మొదటి పేజీ తిప్పి ప్లాస్టిక్ కవర్లోంచి ఒక నోటు తీసింది. వంద కర్బోవానెట్స్, అప్పటి ఉక్రెయిన్ డబ్బు. దాని మీద 1917 అని ఉంది. ఉక్రేనియన్ ఒకటి, రష్యన్ ఒకటి, ఇంగ్లిష్ అక్షరాల్లాంటి వాటితో పోలిష్ ఒకటి, కుడి నుంచి ఎడమకి చదివే హీబ్రూ అక్షరాల్లో యూదుల భాష యిడ్డిష్ ఒకటి, మొత్తం నాలుగు భాషల్లో వంద అని రాసుంది. గియోర్గీ నార్బుట్ అనే ఆర్టిస్ట్ గీసిన బొమ్మ అది, 1918 జనవరిలో జనం చేతికొచ్చింది. కాగితం బట్టలా మెత్తగా అయిపోయి, మడత పడ్డచోట చిల్లు కూడా పడింది. ఆంటీ పోలిష్ మాట మీద వేలు పెట్టి, మా అమ్మమ్మ భాష ఇది అంది. నేను నా నోటు మీద వేలు పెట్టినట్టే.

దేశమే లేకపోతే ఆ నోటు ఎవరు అచ్చేశారు? అప్పుడు అడగాలని తోచలేదు, తర్వాత తోచింది, అప్పట్నించి దొరికిందల్లా చదువుతూనే ఉన్నా.

1917లో రష్యాలో జార్ చక్రవర్తి పడిపోయాక కీవ్‌లో సెంట్రల్ రాడా అని ఒక సభ ఏర్పడింది, అధ్యక్షుడు హ్రుషెవ్‌స్కీ అనే చరిత్ర ప్రొఫెసర్. 1917 నవంబర్‌లో ఉక్రేనియన్ పీపుల్స్ రిపబ్లిక్ అని ప్రకటించుకున్నారు, 1918 జనవరి 22న మేం పూర్తి స్వతంత్ర దేశం అన్నారు. ఆ గడ్డ మీద ఉక్రేనియన్లు ఒక్కరే లేరు కదా, రష్యన్లు, యూదులు, పోలిష్ వాళ్ళు ఉన్నారు. అందుకని ఆ ముగ్గురి వ్యవహారాలకీ వేరువేరుగా మంత్రుల్ని పెట్టారు. పోలిష్ వ్యవహారాల మంత్రి మిచిస్వావ్ మిత్స్కియెవిచ్, లాయర్. ప్రతి జాతి వాళ్ళూ తమ బడులు, తమ సంస్థలు తామే నడుపుకోవచ్చని ఆ జనవరిలోనే చట్టం చేశారు, పై ముగ్గురికీ ఆ హక్కు నేరుగా వచ్చేస్తుంది, జర్మన్లు, చెక్‌లు, తాతార్లు, గ్రీకులు లాంటి మిగతావాళ్ళు పదివేల సంతకాలు తెచ్చి అడిగితే ఇస్తారు. లెనిన్ పార్టీ వాళ్ళు, బోల్షెవిక్‌లు, కీవ్ మీద పడబోతున్న రోజుల్లో కూర్చుని ఈ చట్టం రాశారంటే ఆ మనుషుల మీద నాకు గౌరవం కలుగుతుంది. ఫిబ్రవరిలో కీవ్ పోయింది, జర్మన్ల సాయంతో మళ్ళీ వచ్చింది, ఏప్రిల్ చివర్లో స్కొరొపాద్‌స్కీ అనే జనరల్ కుట్ర చేసి, హెట్‌మాన్ అనే పాత బిరుదు పెట్టుకుని ఆ ప్రభుత్వాన్నే కూలగొట్టాడు, ఆ చట్టాన్ని కూడా కొట్టేశారు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న మనిషి దగ్గరికొస్తా. హెన్రిక్ యూజెవ్‌స్కీ. 1892లో కీవ్‌లో పుట్టాడు. పోలిష్ కుటుంబం, కానీ ఊరు కీవ్, చదువు కీవ్ యూనివర్సిటీలో లెక్కలు, ఫిజిక్స్, ఇష్టం మాత్రం బొమ్మలేయడం. యుద్ధం, విప్లవం మధ్యలో పోలిష్ రహస్య సైనిక సంస్థలో చేరి కీవ్‌లో అండర్‌గ్రౌండ్ పని చేశాడు. పోలండ్ అధినేత పిల్సుద్‌స్కీకి నమ్మినబంటు.

ఆ హెట్‌మాన్ కూడా పడిపోయి రిపబ్లిక్ మళ్ళీ వచ్చింది, కానీ 1920 వచ్చేసరికి దాని నాయకుడు పెట్లురా చేతిలో భూమి దాదాపు లేదు. పోలండ్‌తో ఒప్పందం చేసుకున్నాడు, ఏప్రిల్ 21న, వార్సాలో. పోలండ్ ఉక్రెయిన్‌ని దేశంగా గుర్తిస్తుంది, కలిసి బోల్షెవిక్‌ల మీద యుద్ధం చేస్తారు, బదులుగా పెట్లురా ల్వీవ్‌తో సహా తూర్పు గలీసియాని వదులుకోవాలి, జ్బ్రూచ్ నది బోర్డర్. ల్వీవ్, టెర్నోపిల్‌లో చదివినవాళ్ళకి అర్థమవుతుంది ఇది ఎంత చేదు బేరమో, గలీసియా ఉక్రేనియన్లు దీన్ని నమ్మకద్రోహం అన్నారు, వాళ్ళ కోపంలో న్యాయముంది. మే 7న రెండు సైన్యాలూ కలిసి కీవ్‌లోకి వెళ్ళాయి. ప్రభుత్వం మాత్రం కూర్చున్నది ఎక్కడో తెలుసా, మన విన్నిట్సియాలో. మే నెల మధ్యలో పిల్సుద్‌స్కీ రైల్లో అక్కడికొస్తే పెట్లురా ఎదురెళ్ళి తీసుకొచ్చాడు. మనం రాత్రిళ్ళు కీవ్ ట్రైన్ కోసం చలిలో వణుక్కుంటూ నిలబడే ఊరు అది.

ఆ ప్రభుత్వంలో ఇద్దరు పోలిష్ వాళ్ళు చేరారు. ఒకరు స్టానిస్వావ్ స్టెంపోవ్‌స్కీ, విన్నిట్సియా చుట్టుపక్కల పొదోలియా ప్రాంతంలో భూములున్న మనిషి, వ్యవసాయ మంత్రి. రెండోవాడు యూజెవ్‌స్కీ, హోం శాఖ ఉపమంత్రి, అప్పటికి ఇరవై ఏడేళ్ళు. మన ఫైనల్ ఇయర్ వాళ్ళకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద అంతే.

ఇక్కడ ఒక విషయం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన తెలంగాణ వాళ్ళకి ఇది వేరేవాళ్ళకంటే త్వరగా ఎక్కుతుంది. ఆ ప్రాంతంలో వందల ఏళ్ళుగా భూమి పోలిష్ జమీందార్లది, దున్నేది ఉక్రేనియన్ రైతు. జమీందారుని 'పాన్' అనేవాళ్ళు. ఇప్పుడది మామూలుగా గారు అన్నట్టు వాడతారు, మన ప్రొఫెసర్లని కూడా అలాగే పిలిచేవాళ్ళు కదా, కానీ అప్పటి రైతు నోట్లో ఆ మాట మన ఊళ్ళల్లో దొర అన్నట్టే ఉండేది. పోలిష్ సైన్యం వస్తుందంటే రైతుకి మొదట కనపడేది స్వేచ్ఛ కాదు, దొర గడీకి తిరిగొస్తున్నాడన్న భయం. ఆ భయం ఉత్తిదేం కాదు, సైన్యం వెనకాలే తిరిగొచ్చిన జమీందార్లు ఉన్నారు, ధాన్యం గుంజుకున్న సైనికులూ ఉన్నారు. అలాంటప్పుడు పోలిష్ మనిషి ఉక్రెయిన్ ప్రభుత్వంలో, అదీ భూమి శాఖలో, పోలీసులుండే శాఖలో కూర్చోవడం అంటే ఎంత కత్తి మీద సామో చూడండి. సొంత జాతి వాళ్ళలో చాలామందికి వీళ్ళు పిచ్చోళ్ళు, రైతులకి అనుమానం, బోల్షెవిక్‌లకి ప్రచారానికి మంచి సరుకు. అయినా వెళ్ళారు. పోలండ్ బతకాలంటే పక్కన ఉక్రెయిన్ అనే దేశం ఉండాలని వాళ్ళ నమ్మకం. స్వార్థం లేదని నేను అనను, పోలండ్ మేలు కూడా చూసుకున్నారు, కానీ ఎదుటివాడి దేశం నిలబడితేనే నా దేశం నిలబడుతుంది అనుకునే స్వార్థం నాకు మంచిదిగానే కనిపిస్తుంది.

పదవి ఉన్నది కొన్ని వారాలే. జూన్ మొదట్లో బోల్షెవిక్ కమాండర్ బుద్యోన్నీ గుర్రపు సైన్యం పోలిష్ లైన్లు చీల్చుకుని వాటి వెనక వైపుకి చొచ్చుకొచ్చింది, జూన్ రెండో వారానికల్లా కీవ్ ఖాళీ చేశారు, విన్నిట్సియా నుంచి ప్రభుత్వం రైలెక్కింది. జ్మెరింకా, ప్రోస్కురివ్, అలా పడమటికి పోయి పోయి చివరికి పోలండ్‌లో తార్నూవ్ అనే ఊళ్ళో ప్రవాస ప్రభుత్వంగా దిగింది.

ఈ రూట్ చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి, ఎందుకంటే 2022లో నేనొచ్చింది అదే లైను. మా బ్యాచ్‌లో ఎక్కువమంది బస్సుల్లో రొమేనియా వైపు వెళ్ళారు, మేం ఏడుగురం ల్వీవ్ ట్రైన్ ఎక్కాం. కంపార్ట్‌మెంట్‌లో లైట్లు ఆర్పేశారు, కర్టెన్లు దించమన్నారు, నలుగురు పట్టే చోట పన్నెండు మందిమి, నా ఒళ్ళో ఎవరిదో పిల్లాడు, వాళ్ళమ్మ కింద కారిడార్‌లో కూర్చుంది. జ్మెరింకా దాటింది. ఖ్మెల్నిట్‌స్కీ దాటింది, దాని పాత పేరే ప్రోస్కురివ్. తర్వాత వొలోచిస్క్ దగ్గర ట్రైన్ చిన్న నది దాటుతుంది, అదే జ్బ్రూచ్, ఆ ఒప్పందంలో బోర్డర్. మన మున్నేరు లాంటిదే, చీకట్లో నాకది కనపడనే లేదు. 1920 నవంబర్‌లో పెట్లురా సైన్యం ఆఖరి యుద్ధం చేసి ఆ నది దాటి వెళ్ళి పోలిష్ వాళ్ళకి తుపాకులు అప్పగించింది. మేం ల్వీవ్ నుంచి షెహీని దాకా కొంత వ్యాన్‌లో, ఆఖరి ఇరవై కిలోమీటర్లు మంచులో నడిచి, మెదికాలో పోలండ్‌లో అడుగుపెట్టాం. అక్కడ ఒక పోలిష్ తాత నా చేతులు చూసి తన గ్లోవ్స్ తీసి ఇచ్చేశాడు. జెషూవ్‌లో ఆపరేషన్ గంగ ఫ్లైట్ ఎక్కాం. తార్నూవ్ ఆ రైల్వే లైన్లోనే ఇంకో ఎనభై కిలోమీటర్లు ముందుకి ఉంటుంది.

ప్రోస్కురివ్ పేరు ఎత్తాక అక్కడ జరిగింది దాచకూడదు. 1919 ఫిబ్రవరిలో అదే రిపబ్లిక్ సైన్యంలో ఒక దళం ఆ ఊరి యూదుల మీద పడి సుమారు పదిహేను వందల మందిని ఒక్క మధ్యాహ్నంలో చంపేసింది. ఏ రిపబ్లిక్ అయితే నోటు మీద యిడ్డిష్ అచ్చేసిందో దాని సైనికులే. ఇంకా చాలా ఊళ్ళల్లో జరిగింది. 1926లో పారిస్‌లో పెట్లురాని కాల్చిన ష్వార్ట్స్‌బార్డ్ అందుకే కాల్చానన్నాడు. కాబట్టి ఆ ప్రభుత్వం గొప్పదని మీకు అమ్మడానికి నేను రాయట్లేదు. ఉండింది, మంచి చట్టాలు రాసింది, తన సైన్యాన్ని అదుపు చేసుకోలేకపోయింది, ఓడిపోయింది. ఈ మొత్తం ఒక దేశం కథే, లెనిన్ గీత కాదు.

1921 మార్చిలో రీగాలో పోలండ్, సోవియెట్లు సంధి చేసుకున్నారు, అందులో పెట్లురా ఉక్రెయిన్‌కి చోటు లేదు. ఆ మే నెలలో పిల్సుద్‌స్కీ కాలిష్ దగ్గర క్యాంపులో ఉన్న ఉక్రేనియన్ ఆఫీసర్ల ముందు నిలబడి క్షమించమని అడిగాడు. అడిగినంత మాత్రాన ఏమీ మారలేదు. కానీ యూజెవ్‌స్కీ ఆ క్షమాపణని తన జీవితం మొత్తం మోశాడని నాకనిపిస్తుంది. చాలామంది ఓడిన పార్టీని మర్చిపోయి కొత్త ఉద్యోగాల్లో స్థిరపడ్డారు, ఈయన మర్చిపోలేదు.

1928లో ఆయన్ని అప్పట్లో పోలండ్ కింద ఉన్న వోలిన్ ప్రాంతానికి గవర్నర్‌గా వేశారు, లుత్స్క్ కేంద్రంగా. మధ్యలో కొన్ని నెలలు వార్సాలో పోలండ్ హోం మంత్రిగా చేసి 1930లో మళ్ళీ వోలిన్‌కే వచ్చాడు, 1938 దాకా అక్కడే. ఇరవై లక్షల పైచిలుకు జనం, పదిమందిలో దాదాపు ఏడుగురు ఉక్రేనియన్లు. స్కూళ్ళలో ఉక్రేనియన్ పాఠం పెట్టించాడు, ఆర్థడాక్స్ చర్చిలో ఉక్రేనియన్ భాష వినపడేలా చూశాడు, ఉక్రేనియన్ నాటక సంఘానికి డబ్బిచ్చాడు. 1920లో తనతో పాటు ఓడిపోయి చెల్లాచెదురైన పెట్లురా మనుషుల్ని వెతికి పిలిచి పనులిచ్చాడు. వాళ్ళలో ఒకడు పెట్లురా మేనల్లుడు స్టెపాన్ స్క్రిప్నిక్, వోలిన్ నుంచి పోలండ్ పార్లమెంటుకి ఎన్నికయ్యాడు, తర్వాత సన్యాసం తీసుకుని 1990లో ఉక్రెయిన్ స్వతంత్ర ఆర్థడాక్స్ చర్చికి మొదటి పేట్రియార్క్ అయ్యాడు, పేరు మ్స్తిస్లావ్. ఆ నోటు కాలం నుంచి 1991 గుమ్మం దాకా ఒకే మనిషి జీవితం సరిపోయింది. మధ్యలో దేశమే లేదంటే ఆ మనిషి డెబ్భై ఏళ్ళు దేన్ని పట్టుకుని బతికినట్టు?

తప్పులు కూడా చెప్తా. యూజెవ్‌స్కీ ఉక్రేనియన్ భాషని ప్రేమించాడు కానీ ఉక్రేనియన్లు తనకి నచ్చిన దారిలోనే నడవాలన్నాడు. గలీసియా నుంచి వచ్చే ఉక్రేనియన్ సంఘాల్ని వోలిన్‌లోకి రానీయలేదు, ఊళ్ళల్లో ప్రోస్విత అనే చదువు సంఘాల్ని మూయించాడు, కమ్యూనిస్టుల్నీ జాతీయవాదుల్నీ పోలీసులతో అణిచాడు. పూర్తి ఉక్రేనియన్ మీడియం బడులు పెద్దగా రాలేదు, రైతుకి కావలసిన భూమీ రాలేదు. అటు పోలిష్ సైన్యం వాళ్ళకేమో ఇతను ఉక్రేనియన్లని నెత్తికెక్కించుకుంటున్నాడని మంట. 1935లో పిల్సుద్‌స్కీ చనిపోయాక ఆయన్ని కాచేవాళ్ళు లేకుండా పోయారు. బోర్డర్ సైన్యం ఆర్థడాక్స్ రైతుల్ని క్యాథలిక్కులుగా మార్చే పని పెట్టుకుంది, ఈయన ఒప్పుకోలేదు, 1938లో అక్కణ్ణించి తీసేసి వూచ్‌కి పంపారు. అయిదేళ్ళ తర్వాత, 1943లో, అదే వోలిన్‌లో ఉక్రేనియన్ తిరుగుబాటు సైన్యం పోలిష్ పల్లెల మీద పడింది. యాభై అరవై వేలమంది పోలిష్ జనం చచ్చిపోయారు, పిల్లా పెద్దా తేడా లేకుండా. ప్రతీకారంగా ఉక్రేనియన్ పల్లెలు కూడా తగలబడ్డాయి. పోలండ్‌లో సెటిలైన మనవాళ్ళు వింటుంటారు కదా, ఇప్పటికీ రెండు దేశాల మధ్య మానని పుండు అదే. యూజెవ్‌స్కీ ఉండుంటే ఆగేదని నేను చెప్పలేను, కానీ ఆగాలని పదేళ్ళు పనిచేసినవాడు ఒకడున్నాడు.

బోర్డర్‌కి అటువైపు, సోవియెట్ వైపు, ఏం జరిగిందో విన్నిట్సియా వాళ్ళం తెలుసుకోవాలి. మనం ఆదివారాలు ఐస్‌క్రీం తింటూ తిరిగిన సెంట్రల్ పార్క్ గుర్తుందా, ఫెస్ట్‌లకి ఫోటోలు దిగేవాళ్ళం. 1937, 38లో సోవియెట్ రహస్య పోలీసులు కాల్చేసినవాళ్ళని గోతుల్లో పూడ్చిన మూడు చోట్లలో అదొకటి. 1943లో తవ్వితే మొత్తం తొమ్మిది వేల పైన శవాలు బయటపడ్డాయి, ఎక్కువ ఉక్రేనియన్లు, కొందరు పోలిష్ వాళ్ళు. ఆ ఏళ్ళలోనే సోవియెట్ దేశమంతటా పోలిష్ ఆపరేషన్ పేరుతో లక్షా పదివేల మంది పైన చంపేశారు, పోలండ్ గూఢచారులనే నేరం మోపి. 1920లో రైలు దొరక్క ఆగిపోయి ఉంటే యూజెవ్‌స్కీ కూడా ఆ గోతుల్లో ఏదో ఒకదాంట్లో ఉండేవాడు.

ఆయన మిగతా బతుకు కూడా సుఖంగా ఏం లేదు. జర్మన్ల ఆక్రమణలో అండర్‌గ్రౌండ్ పత్రికలు నడిపాడు, యుద్ధం అయ్యాక పోలండ్ కమ్యూనిస్టుల చేతికెళ్తే మారుపేర్లతో ఇంకో ఎనిమిదేళ్ళు దాక్కున్నాడు. 1953లో దొరికాడు, యావజ్జీవం వేశారు, 1956లో వదిలేశారు. బయటికొచ్చి మళ్ళీ కుంచె పట్టుకున్నాడు. 1981లో వార్సాలో చనిపోయాడు, ఎనభై ఎనిమిదేళ్ళు. ఇంకో పదేళ్ళు బతికుంటే ఉక్రెయిన్‌ని మొదట గుర్తించిన దేశాల్లో పోలండ్ ఉండటం కళ్ళారా చూసేవాడు.

నేను మిమ్మల్ని అడిగేది రెండే. ఆ మ్యాప్ మీ గ్రూపుల్లో కనిపిస్తే దయచేసి ముందుకి పంపకండి, పంపినవాళ్ళకి కోపంగా కాకుండా ఈ లేఖ చూపించండి. మన జూనియర్ తమ్ముళ్ళు చెల్లెళ్ళు కొందరు డిగ్రీ పూర్తి చేసుకోవడానికి తిరిగి అక్కడికే వెళ్ళారు, మీ గురించి రోజూ భయంగానే ఉంటుంది, జాగ్రత్తగా ఉండండి, అలర్ట్ మోగితే బద్ధకించకుండా కిందికి దిగండి. వీలున్న రోజున సోబోర్నా స్ట్రీట్‌లో పాత సవోయ్ హోటల్ ముందు ఒక్క నిమిషం ఆగండి, 1919లో ఆ ప్రభుత్వం దిగింది అక్కడే, ట్రామ్‌లో వందసార్లు దాని ముందు నుంచి వెళ్ళాం. ఒక ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టండి.

మా ఓనర్ ఆంటీ ఆల్బమ్ ఇప్పుడు వాళ్ళ అమ్మాయితో పాటు క్రాకూవ్‌లో ఉంది. ఆంటీ మాత్రం విన్నిట్సియా వదలనంది. నా వంద రూపాయల నోటు ఆ వంద కర్బోవానెట్స్ పక్కనే అదే కవర్లో పెట్టానని మొన్న వీడియో కాల్‌లో చెప్పింది.

మీ సీనియర్,
విన్నిట్సియా, 2016 బ్యాచ్